మీ తల్లి పుట్టింటి ఇంటిపేరు ఏమిటి?



మన పల్లెల పిల్లలు ఫీజు సాయానికి దరఖాస్తు పెట్టుకోవడానికి మేం ఒక వెబ్‌సైట్ మొదలుపెట్టామని పోయిన భాగంలో రాశాను. మొదలైన మర్నాడే ఇంటర్ చదివే చెల్లి ఒకామె ఫోన్ చేసింది. "అన్నా, ఇక్కడ కూడా ఇంటిపేరు చెప్పాలా?" అంది.

తెరిచి చూశాను. నిజమే. పాస్‌వర్డ్ మర్చిపోతే అడగడానికి మా తమ్ముడొకడు లాగిన్‌లో ఒక ప్రశ్న పెట్టాడు: "మీ తల్లి పుట్టింటి ఇంటిపేరు?" ఏదో ఇంగ్లీషు సైట్‌లో చూసి దించేశాడు. వాడూ మన పిల్లాడే. నేనూ చూసి సరే అన్నాను. తప్పు ఇద్దరిదీ.

తెలుగునాట ఇంటిపేరు అడగడమంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు. "ఎవరబ్బాయివి?" దగ్గర మొదలై "ఇంటిపేరేంటి?" దాకా వస్తుంది. అక్కడా తేలకపోతే "మీరేమిట్లు?" అని అడిగేస్తారు. అద్దె ఇంటి గుమ్మంలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పి వెనక్కి తిరిగినవాణ్ని నేను. అందుకే అసలు ఈ లాగిన్ అనేది ఎక్కడ పుట్టిందో, ఏం అడగడానికి పుట్టిందో వెతికాను.

అమెరికాలో, ఎంఐటీలో 1961లో ఫెర్నాండో కోర్బాటో బృందం ఒకే కంప్యూటర్‌ను చాలామంది ఒకేసారి వాడుకునే ఏర్పాటు చేసింది. ఒకరి ఫైళ్లు ఇంకొకరు చూడకూడదు కదా, మనిషికొక పాస్‌వర్డ్ ఇచ్చారు. కానీ ఆ పాస్‌వర్డులన్నీ ఉన్నవి ఉన్నట్టు ఒకే ఫైల్లో దాచారు. 1962లో అలన్ షెర్ అనే పరిశోధకుడికి వారానికి ఇచ్చిన కంప్యూటర్ సమయం చాలలేదు. ఆ ఫైల్‌ను కాస్తా ప్రింట్ తీసేసుకున్నాడు. అందరి తాళాలూ అతని చేతికొచ్చాయి.

అలాంటి దొంగతనానికి విరుగుడు 1960ల్లోనే ఇంగ్లండ్‌లో, కేంబ్రిడ్జ్‌లో రోజర్ నీధమ్ వాళ్లు కనిపెట్టారు. పాస్‌వర్డ్‌ను తిరగట్లో వేసి విసిరినట్టు లెక్కలతో నలగ్గొట్టి, గింజను పారేసి పిండినే దాచడం. పిండి మళ్లీ గింజ కాదు. రేపు మీరొచ్చి పాస్‌వర్డ్ కొడితే దాన్నీ అదే తిరగట్లో వేసి, రెండు పిండ్లూ ఒకటేనా అని చూస్తుంది. 1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ తమ యూనిక్స్ అనుభవం రాస్తూ, ఒక్కొక్కరి పాస్‌వర్డ్‌కు వేరే వేరే 'ఉప్పు' కలిపి నలగ్గొట్టాలన్నారు. అప్పుడు ఇద్దరి పాస్‌వర్డ్ ఒకటే అయినా పిండి వేరుగా ఉంటుంది. 1999లో వచ్చిన బీక్రిప్ట్ ఆ తిరగలిని కావాలనే నెమ్మదిగా తిప్పింది, దొంగ కోట్లసార్లు ప్రయత్నించలేకుండా. ఇన్ని తెలిసీ రాక్‌యూ అనే కంపెనీ పాస్‌వర్డులు ఉన్నవి ఉన్నట్టే దాచింది. 2009లో 3 కోట్లకు పైగా బజారున పడ్డాయి.

ఈ చరిత్రలో నన్ను పట్టుకున్న మాట ఒకటే. మంచి లాగిన్‌కు మీ రహస్యం తెలియదు, అయినా మిమ్మల్ని గుర్తుపడుతుంది. నిన్న వచ్చిన మనిషివి నువ్వేనా? దానికి కావలసింది అంతే. ఎవరి కడుపున పుట్టావన్నది దానికి పని లేదు.

మరి ఇంటిపేరు ప్రశ్న ఎక్కణ్నుంచి దూరింది? కంప్యూటర్లు రాకముందు నుంచీ అమెరికా బ్యాంకుల్లో ఉంది. అక్కడ పెళ్లయ్యాక ఆడవాళ్ల ఇంటిపేరు మారిపోతుంది, పాతది కొద్దిమందికే తెలుస్తుందని వాళ్ల లెక్క. ఆ లెక్కా నిలబడలేదు. 2008లో సారా పేలిన్ ఉపాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్నప్పుడు, ఒక కాలేజీ కుర్రాడు ఇలాంటి ప్రశ్నలకు ఇంటర్నెట్‌లోనే జవాబులు వెతికి ఆమె ఈమెయిల్‌లోకి వెళ్లిపోయాడు. 2017లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్, ఇలాంటి ప్రశ్నలు అడగొద్దని తన నిబంధనల్లో రాసింది.

మన ఊళ్లో అయితే అమ్మ పుట్టింటి పేరు పెళ్లిపందిట్లోనే అందరికీ తెలుసు. రహస్యంగా అది పనికిరాదు. కులం పట్టుకోవడానికి మాత్రం భేషుగ్గా పనికొస్తుంది. పైగా పాస్‌వర్డ్ బయటపడితే మార్చుకుంటాం. పుట్టుక బయటపడితే ఏం మార్చుకుంటాం?

ఇంకో సంగతి. లాగిన్‌లో నువ్వెవరన్నది ఒక ప్రశ్న, నీకేం అనుమతి ఉందన్నది ఇంకో ప్రశ్న. కులం ఆ రెంటినీ ఒకటి చేసింది. మహద్ చవదార్ చెరువు అందరిదని 1924లోనే మునిసిపాలిటీ తీర్మానం చేసింది. అనుమతి కాగితం మీద ఉంది. గట్టు మీద మాత్రం పుట్టుకే అడిగారు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వెళ్లి ఆ నీళ్లు తాగాకే ఆ అనుమతికి ప్రాణం వచ్చింది.

ఆ రాత్రే తమ్ముడూ నేనూ కూర్చుని ఆ ప్రశ్న తీసేశాం. అప్పటిదాకా పిల్లలు ఇచ్చిన జవాబులూ చెరిపేశాం. పాస్‌వర్డ్ మర్చిపోతే ఇప్పుడు ఒక లింక్ వెళ్తుంది. అరగంటలో చెల్లకుండా పోతుంది, ఒక్కసారే పనిచేస్తుంది. సాయానికి కుల ధ్రువపత్రం కావాలి, నిజమే. అది దరఖాస్తులో ఒక్కసారి, ఎందుకో చెప్పి అడుగుతాం. గుమ్మం దగ్గర అడగం.

చెల్లికి ఫోన్ చేసి చెప్పాను. "ఇప్పుడు లోపలికొచ్చాను అన్నా" అంది.

వచ్చే భాగంలో వేలిముద్రల గురించి. కూలి చేసి అరిగిన వేళ్లను మిషన్ గుర్తుపట్టనప్పుడు ఏం జరుగుతుందో మీ అనుభవాలు కింద రాయండి.

జై భీమ్.