అయిదు భాషల్లో ఒకే ఒళ్లు

1825లో కలకత్తాలో ఒక పదకోశం అచ్చయింది. మనిషి ఒంట్లోని భాగాల పేర్లు, వైద్యులు వాడే సాంకేతిక పదాలు ఇంగ్లీషు, అరబిక్, పారశీకం, హిందీ, సంస్కృతం అనే అయిదు భాషల్లో ఇచ్చిన పుస్తకం అది. కూర్చినవాడు పీటర్ బ్రెటన్, ఈస్టిండియా కంపెనీ కొలువులో సర్జన్. ఆ పుస్తకానికి రెండు వందల ఏళ్లు నిండాయి. వేడుకలేవీ జరిగినట్టు వినలేదు. మెడికల్ కాలేజీల్లో, నర్సింగ్ స్కూళ్లలో ఏటా కొత్తగా చేరే పిల్లలు మొదటి నెలల్లో పాఠాలకంటే పేర్లతోనే ఎక్కువ కుస్తీ పడతారు. వాళ్ల కోసమైనా బ్రెటన్‌ని ఒకసారి తలుచుకోవాలి.

ఈ కుస్తీ చాలా పాతది. సుశ్రుతుడు శస్త్రచికిత్సకు 101 యంత్రాలు, 20 శస్త్రాలు చెప్పాడు. వాటిలో కొన్ని పట్టకార్లకు సింహముఖం, కాకముఖం వంటి పేర్లున్నాయి. పేరు వినగానే పరికరం మూతి ఎలా ఉంటుందో శిష్యుడి కళ్లకు కట్టేది. పేరు పెట్టడంలోనే పాఠం చెప్పిన గురువు ఆయన. గ్రీకు వైద్యుల మాటలను క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత సెల్సస్ లాటిన్‌లోకి తెచ్చాడు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ గ్రీకు వైద్యుడు గేలన్ గ్రంథాలను అరబిక్‌లోకి తెచ్చాడు. సుశ్రుత సంహిత కూడా అక్కడికి చేరి అరబిక్ నేర్చుకుంది. తర్వాత అరబిక్ నుంచి కొన్ని మాటలు లాటిన్ వేషం వేసుకుని యూరప్ చేరాయి. మెదడు మీది గట్టి పొరను ఇవాళ మన విద్యార్థులు డ్యూరా మేటర్ అంటారు. లాటిన్‌లో దానికి అర్థం ‘గట్టి తల్లి’. పొరలను తల్లిగా చెప్పడం అరబ్బుల అలవాటు.

తెలుగునేలమీద ఈ శతాబ్దాలన్నిటా వైద్యం ఎలా నేర్చుకున్నారో చెప్పే ఆధారాలు తక్కువ. బసవరాజీయం అనే వైద్యగ్రంథం ఒకటి బలంగా నిలిచింది. శ్లోకం సంస్కృతంలో, తాత్పర్యం తెలుగులో. శాస్త్రం మాట, ఇంటి మాట ఒకే చోట ఉండటం ఆ పుస్తకంలో నాకు బాగా నచ్చిన సంగతి.

ఇక కలకత్తాకు వద్దాం. 1822లో కంపెనీ ప్రభుత్వం అక్కడ నేటివ్ మెడికల్ ఇన్‌స్టిట్యూషన్ పెట్టింది. సైన్యంలో, ఆస్పత్రుల్లో ఇంగ్లీషు సర్జన్లకు సాయంగా ఉండే ‘నేటివ్ డాక్టర్ల’ను తయారుచేయడం దాని పని. మొదట తీసుకున్నది 20 మంది కుర్రాళ్లను. వాళ్లలో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. పాఠం హిందుస్తానీలో. మొదటి సూపరింటెండెంట్ జేమీసన్ కొద్దికాలానికే చనిపోవడంతో ఆ బాధ్యత బ్రెటన్ మీద పడింది.

బ్రెటన్ ముందున్న చిక్కు ఊహించుకోండి. చెప్పవలసింది యూరప్ శరీరశాస్త్రం. వినేవాళ్లకు ఇంగ్లీషు రాదు. పాఠ్యపుస్తకం లేదు. యునానీ చదువు తెలిసిన కుర్రాడికి ధమని అంటే ‘షిర్యాన్’, ఆయుర్వేదం గాలి సోకినవాడికి ‘ధమని’, బజారులో పెరిగినవాడికి ఎర్రదైనా నల్లదైనా అన్నీ ఒకటే ‘రగ్’. పెద్ద డాక్టరు ‘ఆర్టరీ కట్టు’ అని అరిస్తే వీళ్లలో ఎవరి చెయ్యి ఎటు పోతుంది? గాయం దగ్గర మాట తప్పితే మనిషి పోతాడు.

బ్రెటన్ ఏ ఒక్క భాషకూ పట్టం కట్టలేదు. అయిదింటినీ ఒక పుస్తకంలోకి తెచ్చాడు. ఇంగ్లీషు పేరు పోకూడదు, ఎందుకంటే పెద్ద డాక్టరు దానితోనే పిలుస్తాడు. అరబిక్, పారశీక పేర్లు పోకూడదు, హకీముల పుస్తకాలన్నీ వాటిలోనే ఉన్నాయి. సంస్కృతం కావాలి, హిందీ కావాలి, రోగి నోట వచ్చే మాట తెలియాలి. అర్థం ఒకటే, తలుపులు అయిదు. పరాయి దేశం నుంచి వచ్చిన ఉద్యోగికి ఇంత ఓపిక ఎక్కడిదని ఆశ్చర్యం వేస్తుంది. దానికి కొంత జవాబు అతని ఇంకో రచనలో దొరుకుతుంది. కంటి శుక్లాన్ని సన్నని పరికరంతో పక్కకు నెట్టే దేశీయ వైద్యుల పద్ధతి మీద బ్రెటన్ 1826లో ఒక వ్యాసం రాశాడు. స్థానికులకు చెప్పడానికే కాదు, వాళ్ల దగ్గర చూసి రాసుకోవడానికీ సిద్ధపడిన మనిషి. అటువంటివాడే అయిదు భాషల పదకోశానికి పూనుకోగలడు.

బ్రెటన్ 1830లో కన్నుమూశాడు. అతని చోటికి వచ్చిన జాన్ టైట్లర్ అరబిక్‌లో పండితుడు. హూపర్ రాసిన శరీరశాస్త్ర పుస్తకాన్ని ఏకంగా అరబిక్‌లోకి అనువదించాడు. అదే పుస్తకాన్ని సంస్కృత కళాశాలలో ఆయుర్వేదం చెప్పే మధుసూదన్ గుప్తా సంస్కృతంలోకి తెచ్చారు. ఒక ఇంగ్లీషు పుస్తకం ఒకే ఊళ్లో అటు మౌల్వీలకు, ఇటు పండితులకు అందింది. మన వైద్యవిద్య చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన కాలం అదే.

అది సాగలేదు. 1833లో గవర్నర్ జనరల్ బెంటింక్ ఒక కమిటీ వేశాడు. నిఘంటుకర్త రామ్‌కమల్ సేన్ అందులో సభ్యుడు. ప్రాచ్య భాషల్లోనే వైద్యం చెప్పాలని టైట్లర్ వాదించాడు. ఇంగ్లీషే కావాలని మిషనరీ అలెగ్జాండర్ డఫ్ పట్టుబట్టాడు. కమిటీ ఇంగ్లీషు వైపు మొగ్గింది. 1835 జనవరి 28న బెంటింక్ ఉత్తర్వుతో నేటివ్ మెడికల్ ఇన్‌స్టిట్యూషన్ మూతపడి, కలకత్తా మెడికల్ కాలేజీ వచ్చింది. ఫిబ్రవరి 2న మెకాలే ఇంగ్లీషు చదువే కావాలన్న తన పేరుమోసిన విద్యా నివేదికపై సంతకం చేశాడు. సరిగ్గా ఆ రోజే మద్రాసులో మెడికల్ స్కూలు తెరుచుకుంది. తర్వాతి కాలంలో ఆచంట లక్ష్మీపతి, యల్లాప్రగడ సుబ్బారావు వంటి తెలుగువాళ్లు చదివింది అక్కడే. 1836లో కలకత్తా కాలేజీలో మానవ శవాన్ని కోసి చరిత్రకెక్కింది మాత్రం హూపర్‌ను సంస్కృతంలో చెప్పిన మధుసూదన్ గుప్తాయే. అయినా ఇంగ్లీషు ఒక్కదానితో పని జరగలేదు. నేటివ్ డాక్టర్లు లేకపోతే సైన్యానికి గడవదు కాబట్టి నాలుగేళ్లకే, 1839లో, ఆ కాలేజీలోనే హిందుస్తానీ తరగతి మళ్లీ పెట్టారు. 1852లో బెంగాలీ తరగతి కూడా వచ్చింది.

మన హైదరాబాద్‌లో ఈ ఊగిసలాట ఇంకా ఎక్కువ. 1846లో నిజాం నాసిరుద్దౌలా కాలంలో మొదలైన మెడికల్ స్కూల్లో ఉర్దూలోనే యూరప్ వైద్యం చెప్పారు. పాసైనవారికి హకీం అని పట్టా. పంతొమ్మిదో శతాబ్దం చివరికి అక్కడా ఇంగ్లీషు వచ్చింది. 1917లో అనువాదాల కోసం దారుల్ తర్జుమా, మరుసటి ఏడు ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చాక గాలి మళ్లీ తిరిగింది. వైద్యం కూడా ఉర్దూలో చెప్పారు. ‘ఉమ్రావ్ జాన్ అదా’ నవలాకారుడు మీర్జా హాదీ రుస్వా, కవి జోష్ మలీహాబాదీ ఆ అనువాద సంస్థలో పనిచేసినవారే. కొత్త పదాలు అరబిక్ నుంచి తేవాలా, దేశవాళీ ధాతువులనుంచి చేయాలా అన్న తగువు మీద వహీదుద్దీన్ సలీం 1921లో ఒక పుస్తకమే రాశాడు. 1948లో హైదరాబాద్ భారత్‌లో కలిశాక వైద్యవిద్య తిరిగి ఇంగ్లీషుకు వెళ్లింది. ఇన్ని మలుపుల్లోనూ తెలుగు ఇంట పుట్టిన విద్యార్థి వంతు రాలేదు. రోగి తెలుగులో చెప్పుకున్న నొప్పిని అతను ఒకప్పుడు ఉర్దూలో, ఇంకొకప్పుడు ఇంగ్లీషులో రాసుకున్నాడు.

మిగతాచోట్ల కూడా కథ ఒక దారిన నడవదు. 1923లో విశాఖ, 1946లో గుంటూరు కాలేజీలు ఇంగ్లీషులోనే మొదలయ్యాయి. 1968లో తెలుగు అకాడమీ వచ్చి పారిభాషిక పదాలు తయారుచేసింది. 2022 అక్టోబరులో మధ్యప్రదేశ్ హిందీలో ఎంబీబీఎస్ పుస్తకాలు తెచ్చింది. వాటిలో చాలా పదాలు ఇంగ్లీషువే, లిపి దేవనాగరి. ఈలోగా ఎవరూ ఊహించని బడి ఒకటి హైదరాబాద్ అమీర్‌పేటలో వెలిసింది. మొదట డాక్టర్లు చెప్పింది విని రాసే మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్, తర్వాత జబ్బులను, చికిత్సలను సంకేతాలుగా మార్చే మెడికల్ కోడింగ్. 2015 అక్టోబరు 1న అమెరికా ఆస్పత్రులు ఐసీడీ-10 అనే జబ్బుల సంకేతాల పట్టికకు మారాక ఆ చదువుకు గిరాకీ పెరిగింది. బీఎస్సీ, బీఫార్మసీ చదివిన మన పిల్లలు ఆ ఇరుకు గదుల్లో గ్రీకు, లాటిన్ ముక్కలు విడగొట్టడం నేర్చుకుంటున్నారు.

ఆ విడగొట్టడమే అసలు కిటుకు. ‘కోలిసిస్టెక్టమీ’ అని బోర్డు మీద రాస్తే కొండలా కనిపిస్తుంది. కోలీ అంటే పైత్యరసం, సిస్ట్ అంటే తిత్తి, ఎక్టమీ అంటే కోసి తీసేయడం. పైత్యపు తిత్తిని తీసేసే ఆపరేషన్, అంతే. చివర ‘ఐటిస్’ ఉంటే వాపు, ముందు ‘హెపట్’ ఉంటే కాలేయం. ఓ పాతిక ముక్కలు పట్టుబడితే వందల పదాలు వాటంతట అవే విడిపోతాయి. అయితే జాగ్రత్త పడవలసిన చోట్లున్నాయి. హైపో అంటే తక్కువ, హైపర్ అంటే ఎక్కువ. షుగర్ రోగి విషయంలో ఫోన్లో ఆ రెండూ కలగాపులగమైతే చక్కెర ఇవ్వాల్సినవాడికి ఇన్సులిన్ పడుతుంది. చిన్నపేగు చివరి భాగానికి, తుంటి ఎముక పైభాగానికి ఇంగ్లీషు పేర్లలో ఒక్క అక్షరమే తేడా. తెలుగులో రాస్తే రెండూ ఇలియమే. అందుకే ఇంగ్లీషు పేరు ఉండాల్సిందే, పక్కన తెలుగు అర్థమూ ఉండాల్సిందే. బ్రెటన్ పట్టిన దారే సరైనదని నా గట్టి నమ్మకం.

అమెరికా రోగి కేస్‌షీటును గడగడా చదివే అమ్మాయి సొంత ఊళ్లో తాతయ్య డిశ్చార్జి సమ్మరీని ఆయనకు అర్థమయ్యే తెలుగులో చెప్పబోయి తడుముకోవడం చూస్తుంటే బాధగా ఉంటుంది. తప్పు ఆమెది కాదు, ఆమెకు ఆ తెలుగు ఎవరూ నేర్పలేదు. మెడికల్ కాలేజీల ఆచార్యులకు, నర్సింగ్ స్కూళ్ల ప్రిన్సిపాళ్లకు, రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలకు నా విన్నపం ఒకటే. ఏఎన్ఎం, ఆశా కార్యకర్త, కోడింగ్ విద్యార్థి జేబులో పట్టే పదకోశం ఒకటి తయారుచేయండి. ఇంగ్లీషు పదం, దాని ముక్కలు, తెలుగు అర్థం, రోగులు వాడే మాట, ఈ నాలుగూ ఒకే వరుసలో ఉండాలి. శ్రీకాకుళం మాటా ఉండాలి, ఆదిలాబాద్ మాటా ఉండాలి. కూర్చేటప్పుడు పెద్దాసుపత్రి నర్సులను, పల్లె ఆశా కార్యకర్తలను కూర్చోబెట్టుకుని అడగండి. ఆ మాటలు వాళ్ల దగ్గరే ఉన్నాయి.