మూసా రాముడి గుట్ట

మార్చి 25 దగ్గరపడుతోంది. 1798లో ఆ రోజున హైదరాబాద్‌లో ఒక ఫ్రెంచి సేనాని కన్నుమూశాడు. ఫ్రాన్స్ చరిత్ర చూడాలంటే పారిస్‌కే వెళ్లాలనుకునే మేడ్చల్, శామీర్‌పేట మిత్రులకు ముందు మూసారాంబాగ్ చూసి రమ్మని చెబుతాను.

ఫ్రెంచివాళ్లు మన దారి పట్టి చాలా కాలమైంది. పదిహేడో శతాబ్దంలో వజ్రాల వర్తకుడు తావెర్నియే, ఆయన వెనకే యాత్రికుడు తెవెనో గోల్కొండ చూసిపోయారు. 1751లో సలాబత్ జంగ్‌ను నిజాం గద్దెనెక్కించిన ఫ్రెంచి సేనాని బుస్సీ, 1753లో ఉత్తర సర్కారులు రాయించుకున్నాడు. ఆయన ముట్టడిలోనే 1757లో బొబ్బిలి కోట బూడిదయింది. మరుసటేడు ఫ్రెంచి అధిపతి లాలీ కబురు పెట్టడంతో బుస్సీ దక్షిణానికి తరలిపోయాడు.

నా మనసంతా ఆ తర్వాత వచ్చిన, మొదట చెప్పిన సేనాని మిషెల్ జోకిమ్ మరీ రేమండ్ మీదే. 1755లో ఫ్రాన్స్‌లోని గాస్కనీలో పుట్టి, ఇరవయ్యేళ్లకే వ్యాపారం పేరుతో పుదుచ్చేరి చేరాడు. హైదర్ అలీ కొలువు చేసి, 1786లో రెండో నిజాం అలీఖాన్ దగ్గరికి వచ్చాడు. ఫతేమైదాన్ పక్కన ఫిరంగుల కార్ఖానా పెట్టించాడు. గన్‌ఫౌండ్రీ అన్న పేరు అలా మిగిలింది. కొన్ని వందల మందితో మొదలైన ఆయన పటాలం వేలకు పెరిగింది. 1795లో ఖర్దా దగ్గర మరాఠాల చేతిలో నిజాం ఓడాడు, ఆ ఏడే కొడుకు అలీజా తిరగబడ్డాడు. ఆ తిరుగుబాటును అణచింది రేమండే. జనం ఆయన్ను సొంతం చేసుకున్న తీరు నాకెంతో ఇష్టం: ముస్లింలు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు. మూసారాంబాగ్ దగ్గరి గుట్ట మీద ఆయన సమాధి ఉంది. సుమారు 23 అడుగుల నల్లరాతి స్తంభం, పక్కన గ్రీకు గుడి తీరు మంటపం. 1940 దాకా ఏటా వర్ధంతినాడు జనం అక్కడ అగరొత్తులు వెలిగించేవారు.

ఆయన పోయిన ఏడాదిలోనే అంతా తారుమారైంది. సెప్టెంబరు 1న నిజాం ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు. అక్టోబరులో, జీతాలందక మండిపడుతున్న ఫ్రెంచి పటాలాన్ని ఇంగ్లీషు అధికారులు కిర్క్‌పాట్రిక్, మాల్కం యుద్ధం లేకుండానే నిరాయుధం చేశారు. ఆ తర్వాతే సికింద్రాబాద్ దండు, బొల్లారం దండు వెలిశాయి. మేడ్చల్ దాకా ఉత్తరపు దారి రూపు మారింది అప్పుడే.

ఈ కాలానికి వస్తే కథ పటాలాల నుంచి మందుల కర్మాగారాలకు మళ్లుతుంది. వరప్రసాద్ రెడ్డి 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్, హెపటైటిస్-బి టీకాను 1997లో మన దేశంలోనే తయారుచేసి సామాన్యుడికి అందుబాటులోకి తెచ్చింది. ఆ సంస్థ కర్మాగారం మేడ్చల్ మండలం అత్వెల్లిలో ఉంది. ఫ్రాన్స్‌లోని లియాన్ నగరపు మెరియూ కుటుంబ సంస్థ అందులో వాటా కొన్నది. 2009లో శాంతా ఫ్రెంచి మందుల సంస్థ సనోఫీ చేతికి వెళ్లింది. ఫ్రాన్స్ మళ్లీ మన గడప తొక్కింది, ఈసారి ఫిరంగులు లేకుండా. దీనికీ రేమండ్‌కూ వరస కలపమంటే నావల్ల కాదు.

రేమండ్ సమాధి మంటపం 2001 వానలకు కూలితే మళ్లీ కట్టారు. ఆ శ్రద్ధ నిలవాలి. మేడ్చల్‌లో లోకల్ రైలెక్కి, సికింద్రాబాద్‌లో దిగి, మెట్రో ఎక్కి దారిలో లైను మారితే మూసారాంబాగ్ స్టేషన్ వస్తుంది. అక్కడి నుంచి గుట్టకు ఆటోలో కొద్ది దూరమే. ఈ మార్చి 25న పిల్లల్ని తీసుకుని వెళ్లండి.