మాంసకృత్తుల ప్లాస్టిక్

మాంసకృత్తుల ప్లాస్టిక్ లేదా ప్రోటీన్ ప్లాస్టిక్ అనగా పాలు, సోయా చిక్కుడు, వేరుశనగ, గోధుమ మొదలైన వాటిలోని మాంసకృత్తులతో తయారయ్యే ప్లాస్టిక్. పెట్రోలియం నుండి తయారయ్యే పాలిథీన్ ఎన్నో ఏళ్లపాటు నేలలో అలాగే ఉండిపోతుంది. మాంసకృత్తులను మాత్రం నేలలోని సూక్ష్మజీవులు ఆహారంగా తీసుకొని విచ్ఛిన్నం చేయగలవు.

చరిత్ర

1897 ప్రాంతంలో జర్మనీలోని హానోవర్ నగరానికి చెందిన ముద్రణాలయ యజమాని విల్‌హెల్మ్ క్రిషే, బడులలోని నల్లబల్లకు ప్రత్యామ్నాయం కోసం అన్వేషించాడు. రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ స్పిట్టెలర్‌తో కలిసి పాలలోని కేసిన్‌ను ఫార్మాల్డిహైడ్‌తో గట్టిపరచి, కొమ్మును పోలిన పదార్థాన్ని తయారుచేశాడు. ఇది బల్లలకు పనికిరాలేదు కాని, గాలలిత్ అనే పేరుతో గుండీలు, దువ్వెనలు, ఆభరణాల తయారీలో విరివిగా వాడబడింది. 1930లలో ఫోర్డ్ సంస్థ కారు భాగాలలో సోయా పిండిని ఉపయోగించింది. బ్రిటన్‌కు చెందిన ఐ.సి.ఐ. సంస్థ వేరుశనగ మాంసకృత్తులతో ఆర్డిల్ అనే నూలుపోగును తయారుచేసి, 1950లలో నిలిపివేసింది.

తయారీ

వెన్న తీసిన పాలను విరిచి, కేసిన్‌ను వేరుచేసి, రంగు కలిపి, ఒత్తిడితో కడ్డీలుగానో రేకులుగానో మలుస్తారు. వాటిని ఫార్మాల్డిహైడ్ ద్రావణంలో నానబెడతారు. మందాన్ని బట్టి ఇందుకు వారాలు, నెలలు పడుతుంది. మరొక పద్ధతిలో మాంసకృత్తుల పొడికి నీరు, గ్లిసరిన్ కలిపి వేడిచేసి అచ్చులలో ఒత్తుతారు. గ్లిసరిన్ వలన వస్తువు పెళుసుబారకుండా ఉంటుంది.

పరిమితులు

మాంసకృత్తులు నీటిని పీల్చుకుంటాయి. అందువలన ఈ ప్లాస్టిక్ తడికి ఉబ్బి మెత్తబడుతుంది. గట్టిపరిస్తే నీటికి ఓర్చుకుంటుంది కాని, అంత త్వరగా నేలలో కలవదు. కాబట్టి మాంసకృత్తులతో చేసిన ప్రతి వస్తువూ సులభంగా కుళ్ళిపోతుందని భావించరాదు. భారతదేశంలో కంపోస్టు కాగల ప్లాస్టిక్‌కు ఐ.ఎస్. 17088 ప్రమాణం వర్తిస్తుంది.

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతం

1970లో కర్నూలు జిల్లా నుండి ఒంగోలు (తరువాత ప్రకాశం) జిల్లాలో చేరిన ఈ మెట్టప్రాంతంలో మార్కాపురం రాతిపలకలకు ప్రసిద్ధి. నల్లబల్ల స్థానంలో రావలసిన పాల ప్లాస్టిక్ గుండీలకు పరిమితమైనా, కాగితపు పుస్తకాలు, పెట్రోలియం ప్లాస్టిక్ పలకలు వచ్చాక రాతిపలకలకు గిరాకీ తగ్గింది.

మాంసకృత్తుల ప్లాస్టిక్‌కు ముడిసరుకు కాగల వేరుశనగ చెక్క, పప్పుమిల్లుల తవుడు, పొట్టు మెట్టప్రాంతాలలో వృథా పదార్థాలు కావు, పశువుల దాణా. నూనె తీసిన వేరుశనగ చెక్కలో సుమారు 45 శాతం మాంసకృత్తులు ఉంటాయి. వర్షాధారపు సేద్యంలో పంట పోయిన ఏడాది రైతుకు పాడి ఆసరాగా నిలుస్తుంది. అందుచేత ఇటువంటి చోట్ల ఈ పరిశ్రమ లాభనష్టాలను లెక్కించేటప్పుడు దాణా ధరను కూడా పరిగణించవలసి ఉంటుంది.