కళాబోధన, బాలల పుస్తకం, అంతర్జాలం: కె.జి. సుబ్రమణ్యన్ సృజన జీవితం - చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:
ఆధునిక భారతీయ చిత్రకళలో కె.జి. సుబ్రమణ్యన్ (1924-2016) చిత్రకారుడిగా, కళాసిద్ధాంతకర్తగా సుప్రసిద్ధులు. ఆయన స్వయంగా రచించి బొమ్మలు వేసిన బాలల పుస్తకాలు మాత్రం విమర్శకుల దృష్టికి తక్కువగా వచ్చాయి. ఈ పుస్తకాలు చిత్రకారుడి విరామకాలపు వినోదం కావనీ, ఆయన బోధనకు కొనసాగింపు అనీ నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం. ఆ బోధన నేడు అంతర్జాలం ద్వారా ఎంతవరకు అందుతున్నదో కూడా ఇందులో పరిశీలించబడింది.

కీలక పదాలు: కళాబోధన, బాలసాహిత్యం, శాంతినికేతనం, బరోడా, హస్తకళలు, అంతర్జాల అధ్యయనం.

1. ప్రవేశిక

కళాచరిత్ర రచనలో చిత్రకారుడికి దక్కిన స్థానం కళోపాధ్యాయుడికి దక్కలేదు. చిత్రం ప్రదర్శనశాలలో నిలుస్తుంది. పాఠం తరగతి ముగియగానే చెదిరిపోతుంది. ఉపాధ్యాయుడి కృషిని అంచనా వేయడానికి శిష్యుల జ్ఞాపకాలు, ఆయన వ్యాసాలు, అరుదుగా ఆయన పిల్లల కోసం చేసిన పుస్తకాలు మాత్రమే ఆధారాలు. ఈ మూడూ లభిస్తున్న కొద్దిమందిలో సుబ్రమణ్యన్ ఒకరు.

2. శాంతినికేతన నేపథ్యం

కేరళలోని కూత్తుపరంబలో జన్మించిన సుబ్రమణ్యన్ మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో అర్థశాస్త్రం చదివారు. క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని జైలుకు వెళ్లడంతో ప్రభుత్వ కళాశాలల్లో చదివే అవకాశం కోల్పోయారు. 1944లో శాంతినికేతనంలోని కళాభవనంలో చేరి నందలాల్ బోస్, వినోద్ బిహారీ ముఖర్జీ, రామ్‌కింకర్ బైజ్‌ల వద్ద శిక్షణ పొందారు.

బాలల పుస్తకం ఆ వాతావరణంలో చిన్న పనిగా పరిగణింపబడలేదు. అవనీంద్రనాథ్ ఠాగూర్ చిత్రకారుడే కాక బాలల కథకుడు కూడా. రవీంద్రనాథ్ రాసిన బెంగాలీ వాచకం 'సహజ్ పాఠ్' (1930)కు బొమ్మలు సమకూర్చింది కళాభవన అధిపతి నందలాల్. మరొక గురువైన వినోద్ బిహారీ చూపు కోల్పోయిన తరువాత కూడా కాగితాలు కత్తిరించి అతికించి బొమ్మలు కూర్చారు, బోధన సాగించారు. కళాజ్ఞానంలో కొంత భాగం కంటిది కాదు, చేతిదని చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కర లేదు.

3. బరోడా: తరగతి నుంచి సంతకు

1951లో సుబ్రమణ్యన్ బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయ లలితకళా విభాగంలో ఉపాధ్యాయులయ్యారు. 1959-61 మధ్య అఖిల భారత చేనేత బోర్డులో పనిచేశారు. నేతకారుల పనిని దగ్గరగా చూసిన ఈ అనుభవం, కళకూ హస్తకళకూ నడుమ గీసిన గీత కృత్రిమమైనదన్న ఆయన అభిప్రాయానికి బలమిచ్చింది. 'మూవింగ్ ఫోకస్' (1978), 'ది లివింగ్ ట్రెడిషన్' (1987) గ్రంథాలలో ఈ ఆలోచనే విస్తరించింది.

ఆ ఆలోచనకు ఆచరణరూపం 1960ల దశకంలో బరోడాలో మొదలైన లలితకళా సంత. అధ్యాపకులు, విద్యార్థులు కలసి బొమ్మలు, అలంకార వస్తువులు, బాలల పుస్తకాలు తయారుచేసి పట్టణవాసులకు అమ్మేవారు. విద్యార్థికి ఇది పాఠమే. తక్కువ ధరకు అమ్మవలసిన వస్తువులో పదార్థం వృథా కాకూడదు, పిల్లవాడి చేతికి వెళ్లే బొమ్మ విరగకూడదు, చూడగానే ఆకట్టుకోవాలి. తరగతి గదిలో ఉపన్యాసంగా చెప్పే రూపనిర్మాణ సూత్రాలు ఇక్కడ అవసరాలుగా ఎదురవుతాయి.

4. బాలల పుస్తకాలు

సుబ్రమణ్యన్ బాలల పుస్తకాలు ఈ సంతల నేపథ్యం నుంచే వచ్చాయి. తరువాత కోల్‌కతాకు చెందిన సీగల్ బుక్స్ వాటిని ప్రచురించింది. దేవుడు తొలుత జంతువులన్నింటినీ ఒకేలా చేశాడని పేరులోనే చెప్పే పుస్తకం, 'హౌ హను బికేమ్ హనుమాన్', 'అవర్ ఫ్రెండ్స్ ది ఓగర్స్' వాటిలో కొన్ని. కథ, చిత్రం రెండూ ఆయనవే.

వీటిలో రెండు లక్షణాలు గమనించదగినవి. మొదటిది, రూపాంతరం. ఒకేలా ఉన్నవి వేరుకావడం, ఒకటి మరొకటిగా మారడం ఈ పేర్లలోనే కనిపిస్తుంది. ఒకే ఆకారాన్ని కొద్దిగా మార్చి మరో ఆకారం సాధించడం చిత్రలేఖన విద్యలో తొలి అభ్యాసం కూడా. రెండవది, పిల్లలను తక్కువగా అంచనా వేయకపోవడం. కత్తిరించిన కాగితపు ఆకృతులతో చేసిన 'ది టేల్ ఆఫ్ ది టాకింగ్ ఫేస్' పిల్లల పుస్తకపు రూపంలో ఉన్న రాజకీయ నీతికథ. దాని లక్ష్యం 1975-77 నాటి అత్యయిక స్థితి. అధికారాన్ని ప్రశ్నించడానికి ఆయన ఎంచుకున్న రూపం బొమ్మల పుస్తకం కావడం ఆ ప్రక్రియపై ఆయనకున్న గౌరవాన్ని తెలుపుతుంది.

5. తెలుగు నేలతో అనుబంధం

ఈ బోధనా పరంపరకు తెలుగు శాఖ కూడా ఉంది. పూర్వపు మెదక్ జిల్లా నిజాంపూర్‌లో జన్మించిన కె. లక్ష్మా గౌడ్ 1963-65లో బరోడాలో సుబ్రమణ్యన్ వద్ద కుడ్యచిత్రకళ అభ్యసించారు. తరువాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో బోధించారు. తెలుగు బాలసాహిత్యంలో రచయిత, చిత్రకారుడు సాధారణంగా వేర్వేరు వ్యక్తులు. 1947లో ఆరంభమైన 'చందమామ' విషయంలోనూ ఇదే పద్ధతి. కథకూ బొమ్మకూ కర్త ఒకరే అయినప్పుడు బొమ్మ కథకు అలంకారంగా మిగలదు, అదే కథనం అవుతుంది. మన బాలసాహిత్య పరిశోధనలో చిత్రాన్ని పాఠ్యంగా చదివే పద్ధతికి ఇది మంచి ప్రాతిపదిక.

6. అంతర్జాల అధ్యయనం: అవకాశం, పరిమితి

హాంకాంగ్ కేంద్రంగా పనిచేసే ఏషియా ఆర్ట్ ఆర్కైవ్ బరోడా కళాకారుల పత్రసంచయాలను డిజిటలీకరించింది. సుబ్రమణ్యన్, గులాంమొహమ్మద్ షేక్, రతన్ పరిమూ, జ్యోతి భట్‌ల సేకరణలు అందులో ఉన్నాయి. బరోడా వెళ్లే స్తోమత లేని పరిశోధకుడికి ఇది అమూల్యం.

అయితే తెరపై కనిపించేది పూర్తయిన వస్తువు. కత్తెర ఏ వైపు తిరిగింది, కాగితం ఎంత మందం, తప్పు పడినప్పుడు గురువు ఏమన్నాడు అన్నవి ఛాయాచిత్రంలో ఉండవు. 2020లో కరోనా కాలంలో కళాశాలలన్నీ అంతర్జాల బోధనకు మళ్లినప్పుడు చిత్రకళా విభాగాలకు ఎదురైన సమస్య కూడా ఇదే: చూపడం సులభమైంది, చేయించడం కష్టమైంది. సుబ్రమణ్యన్ పద్ధతి ఇందుకు ఒక పరిష్కారం సూచిస్తుంది. ఇంట్లో దొరికే పదార్థంతో ఏదో ఒకటి చేసి, ఎవరో ఒక పిల్లవాడి చేతికి ఇవ్వడమే అభ్యాసమైతే, తెర పాఠానికి ఆరంభం మాత్రమే అవుతుంది.

7. ముగింపు

నందలాల్ వాచకం, సుబ్రమణ్యన్ బొమ్మల పుస్తకాలు, లక్ష్మా గౌడ్ తరగతి ఒకే పరంపరలోని దశలు. ఈ పరంపరలో గురువు చిత్రాలు భద్రంగా ఉన్నాయి. బోధనా విధానం ప్రత్యక్షంగా చూసినవారి స్మృతిలోనే ఉంది. తెలుగు ప్రాంతాల డ్రాయింగు మాస్టర్ల విషయంలో పరిస్థితి మరింత విషమం, వారి చిత్రాలు కూడా భద్రపడలేదు. కనుక పరిశోధకులు పూర్తయిన చిత్రాలతో పాటు పాఠం చెప్పిన తీరును, వాడిన పరికరాలను, చిత్తు ప్రతులను, శిష్యుల కథనాలను కూడా సేకరించాలి. ఆ శిష్యుల తరం ఉండగానే ఈ పని జరగవలసి ఉంది.