నలుగుపిండి నుంచి సాషే దాకా: తెలుగునాట ప్రసాధన ద్రవ్యాల చరిత్రలో సుస్థిరత ప్రశ్న

సౌందర్య సాధనాల విషయంలో ‘ప్రకృతికి తిరిగి వెళ్లడం’ అనే మాట ఇటీవలి కాలంలో విస్తృతంగా వినిపిస్తున్నది. రసాయనిక షాంపూలను, ప్లాస్టిక్ డబ్బాలను, జంతువులపై పరీక్షించిన రంగులను విడిచి పర్యావరణానికి హాని చేయని ద్రవ్యాల వైపు మళ్లాలన్నది దాని సారాంశం. ఈ వాదం వెనుక ఒక చారిత్రక భావన కూడా ఉన్నది. కర్మాగారపు సబ్బు రాకముందు అందరూ ప్రకృతిసిద్ధమైన ద్రవ్యాలనే వాడేవారు కనుక ఆ కాలపు అలంకరణ అంతా ప్రకృతికి అనుకూలంగానే సాగేదన్నది ఆ భావన. తెలుగు కావ్యాలు, శాసనాలు, గృహాచారాలు అందించే ఆధారాలను పక్కపక్కన పెట్టి చూస్తే అది సగం మాత్రమే నిలుస్తుంది. ప్రకృతిసిద్ధం కావడం వేరు, సుస్థిరం కావడం వేరు. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వల్ల గతమూ సరిగా అర్థం కావడం లేదు, వర్తమానంలో దేనిని విడవాలో దేనిని చేపట్టాలో కూడా స్పష్టపడడం లేదు.

సాహిత్యం నుంచి సాంఘిక చరిత్రను రాబట్టే పద్ధతికి తెలుగులో బలమైన పునాది వేసిన గ్రంథం సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949). కావ్యవర్ణనల్లోని తిండి, బట్ట, ఆట, నగ ఆయన చేతిలో చరిత్రకు సాక్ష్యాలయ్యాయి. ప్రసాధన ద్రవ్యాలకు ఈ పద్ధతిని అన్వయించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ప్రబంధ నాయిక పూసుకున్నది ఆ కాలపు స్త్రీలందరూ పూసుకున్నారని అనుకోవడానికి వీలులేదు. కావ్యం చూపేది ఎక్కువగా రాజాస్థానపు అలంకరణను. పెరటి అలంకరణకు సాక్ష్యం వేరేచోట వెతకాలి.

రాజాస్థానపు పరిమళం

‘మనుచరిత్ర’ ద్వితీయాశ్వాసంలో హిమాలయ సానువుల్లో దారితప్పిన ప్రవరుడు మనుషుల జాడను ముందుగా ముక్కుతోనే పసిగడతాడు. కస్తూరి, కర్పూరం కలిసిన తాంబూలపు పరిమళం గాలిలో తేలివస్తుంది. దాన్నిబట్టి అక్కడ ఒక స్త్రీ ఉన్నదని అతనికి తెలుస్తుంది. ఈ ఘట్టంలోని సౌందర్యాన్ని విమర్శకులు ఎంతగానో వివరించారు. ఆ పరిమళ ద్రవ్యాలు ఎక్కడివి అన్న ప్రశ్న వేస్తే మరొక కథ బయటపడుతుంది. కస్తూరి హిమాలయ ప్రాంతపు మగ కస్తూరిమృగం పొట్టకింది గ్రంథిలో తయారయ్యే ద్రవ్యం. దానిని సేకరించడమంటే సాధారణంగా ఆ మృగాన్ని చంపడమే. నాటి మేలురకం కర్పూరం సుమత్రా, బోర్నియో అడవుల్లోని మహావృక్షాల కాండంలో గడ్డకట్టి ఉండేది. ఏ చెట్టులో ఉన్నదో పైకి తెలియదు కనుక చెట్టును నరికి, చీల్చి చూడవలసి వచ్చేది. నరికిన ప్రతి చెట్టులోనూ అది దొరికేది కాదు. వరూధిని తాంబూలంలోని కస్తూరి ఆ కొండల్లోనిదే కావచ్చు. కర్పూరం మాత్రం సముద్రాలు దాటివచ్చిన సరుకు.

అది కవి కల్పన మాత్రమే కాదనడానికి శిలాసాక్ష్యం ఉన్నది. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయశాసనం విదేశీ వర్తకుల సరుకులకు రక్షణనిస్తూ సుంకాలను నిర్ణయించింది. గంధం, కర్పూరం, చీనా కర్పూరం, పన్నీరు, జవ్వాజి, కర్పూరతైలం, ముత్యాలు, దంతం, పగడాలు, పట్టునూలు అందులో కనిపిస్తాయి. ఓడ మునిగినా సరుకును జప్తు చేయబోమని రాజు హామీ ఇచ్చిన ఆ శాసనంలో సుగంధద్రవ్యాలు ఇంత చోటు ఆక్రమించడం గమనించదగినది. పదమూడవ శతాబ్దానికే తెలుగునేల మీది అలంకరణలో ఒక భాగం అంతర్జాతీయ వ్యాపారానికి ముడిపడి ఉన్నది. అంతకుముందే, పన్నెండవ శతాబ్దంలో, కళ్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుని ‘మానసోల్లాసం’ స్నానాన్ని రాజభోగాల్లో ఒకటిగా చేర్చి వివరించింది.

ఈ ద్రవ్యాలన్నీ నూటికి నూరుపాళ్లు ప్రకృతిసిద్ధాలే. వాటిలో ఏ ఒక్కటీ వాడినంత సులభంగా మళ్లీ పుట్టేది కాదు. వాడేవారు కొద్దిమంది కావడం వల్లనే అడవి అంతకాలం తట్టుకోగలిగింది. ద్రవ్యం సహజమైనది కావడం వల్ల కాదు. కస్తూరిమృగానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అత్యున్నత రక్షణ కల్పించవలసి వచ్చింది. శేషాచలం అడవుల ఎర్రచందనాన్ని 1995లో అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒడంబడిక జాబితాలో చేర్చవలసి వచ్చింది.

సహజద్రవ్యమంటే శరీరానికి క్షేమమనే అభిప్రాయానికీ ఇలాంటి ఇబ్బందే ఉన్నది. కూచిపూడి, వీధినాటక ప్రదర్శనల్లో ముఖానికి పసుపువన్నె కోసం వాడిన అర్దళం భూమిలో దొరికే ఖనిజమే. ఆర్సెనిక్, గంధకం కలిసిన విషద్రవ్యం అది. కంటికి పెట్టే సురుమాలో సీసపు ఖనిజం ఉండడమూ తెలిసిన విషయమే. రాత్రంతా దివిటీల వెలుగులో ఆ రంగుతో ఆడిన నటుల చర్మం సంగతి నాటకరంగ చరిత్రల్లో దాదాపు చోటు చేసుకోలేదు.

పెరటి ప్రసాధనం

పెరటి అలంకరణకు సాక్ష్యాలు కావ్యాల్లో కన్నా నలుగు పాటల్లో, పండుగ ఆచారాల్లో, నిత్యవ్యవహారపు మాటల్లో ఎక్కువ. సున్నిపిండి, సున్నుండ అన్న రెండు మాటల్లోనూ ‘సున్ని’ ఒకటే. ఒకటి ఒంటికి, మరొకటి నోటికి. పప్పుధాన్యాన్ని విసిరిన పిండి నుంచే రెండూ పుట్టాయి. ఒకే తిరగలి రెండింటికీ సరిపోయింది. పెసలు, శనగలు, పసుపు, బావంచాలు, కచ్చూరాలు, తుంగముస్తలు, వట్టివేళ్లు ఇంటి ఆనవాయితీని బట్టి నలుగుపిండిలో చేరేవి. స్నానానికి కస్తూరిపసుపు వేరుగా ఉండేది. పేరులో కస్తూరి ఉన్నా అది దుంపే. మృగంతో పనిలేకుండా ఆ పరిమళాన్ని పేరుతోనైనా ఇంటికి తెచ్చుకున్న సామాన్యుల తెలివి ఆ పదబంధంలో కనిపిస్తుంది.

కుంకుడుకాయ సంగతి కొంత విస్తరించి చెప్పుకోదగినది. కాయ పైతొక్కలోని సపోనిన్ అనే పదార్థం నీటిలో నురుగునిస్తుంది. గింజ తీసి, కొట్టి, వేడినీళ్లలో నానబెట్టి పిసికిన రసం తలకు. అదే రసం పట్టుబట్టలకు, కంసాలి చేతిలో బంగారు నగలకు. మిగిలిన పిప్పి అంట్లు తోమడానికి పనికివచ్చేది. స్నానాల నీరు పెరట్లోని చెట్ల పాదులకు వెళ్లేది. పారవేయవలసిన వస్తువంటూ ఈ వరుసలో ఏదీ మిగలదు. చెట్టు మళ్లీ ఏడాది కాస్తుంది, దాన్ని నరకవలసిన అవసరమూ లేదు. ఆషాఢంలోనూ అట్లతద్దికీ దూసుకున్న గోరింటాకు మళ్లీ చిగురిస్తుంది. ఆముదపు దీపం మసితో కాటుక, పసుపుకు క్షారం కలిపితే ఎర్రబారే గుణంతో కుంకుమ, ఇంట్లోనే తయారయ్యేవి. ఈ అలంకరణ సుస్థిరంగా ఉండడానికి కారణం ద్రవ్యం సహజమైనది కావడమొక్కటే కాదు. అది చేరువలో దొరికింది, కోసిన చోటే మళ్లీ మొలిచింది, పొట్లాం కాగితం కన్నా మించిన కవచం దానికి అవసరం కాలేదు.

అయితే ఈ వర్ణన ఇక్కడితో ఆగితే అది చరిత్ర కాక మమకారమే అవుతుంది. నలుగుపిండి విసిరింది ఎవరు? కుంకుళ్లు కొట్టి, నీళ్లు కాచి, ఇంటిల్లిపాదికీ తలంట్లు పోసింది ఎవరు? ‘తలంటడం’ అనే మాటకు వాడుకలో గట్టిగా మందలించడమనే అర్థం కూడా రావడంలో, కళ్లు మండుతూ పీటమీద కూర్చున్న పిల్లల అనుభవం ఉన్నది. వంగి వంగి రుద్దిన చేతుల అలసటకు మాత్రం భాషలో అలాంటి నుడికారమేదీ స్థిరపడలేదు. పైగా ఈ ద్రవ్యాల్లో ముఖ్యమైన పసుపు, కుంకుమలను సంప్రదాయం అందరికీ ఇవ్వలేదు. భర్త చనిపోయిన స్త్రీకి అవి నిషిద్ధాలు. 1881లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం జరిపించిన తొలి వితంతు వివాహానికి ఉన్న అర్థాల్లో ఆ స్త్రీకి పసుపుకుంకుమలు తిరిగి దక్కడమూ ఒకటి. సబ్బుకు ముత్తైదువ, వితంతువు అన్న భేదం లేదు. కర్మాగారపు వస్తువును అంత సులువుగా ఆదరించిన కారణాలను చర్చించేటప్పుడు ఈ అంశాన్ని విస్మరించడం సరికాదు.

డబ్బీ, బిళ్ల, సాషే

విదేశీ సబ్బు బిళ్లలు భారతీయ విపణిలోకి పందొమ్మిదవ శతాబ్దం చివరి దశాబ్దాల్లో ప్రవేశించాయి. సన్‌లైట్ 1888లో, లైఫ్‌బాయ్ 1895లో వచ్చాయి. జంతువుల కొవ్వు కలిసే సబ్బుపై ఆచారపరుల్లో ఉన్న అనుమానాన్ని స్వదేశీ పారిశ్రామికులు అవకాశంగా మలచుకున్నారు. మైసూరు సంస్థానం 1916లో గంధపు నూనెతో సబ్బు పరిశ్రమను ప్రారంభించింది. గోద్రెజ్ సంస్థ 1918 నుంచి శాకతైలపు స్నానపు సబ్బును ప్రచారం చేసింది. నేడు శాకాహార, జీవహింసారహిత ఉత్పత్తులుగా ప్రచారమవుతున్న వాటికి ఇది వందేళ్ల పూర్వరూపం. అయితే నాటి ఆక్షేపణ శౌచానికి సంబంధించినది, నేటిది జంతువు బాధకు సంబంధించినది. సౌందర్య సాధనాలను జంతువులపై పరీక్షించడాన్ని భారతదేశం నిషేధించింది 2014లో.

తెలుగు పత్రికల చరిత్రకూ డబ్బీలో అమ్మే సరుకుకూ దగ్గరి సంబంధముంది. 1893లో అమృతాంజనం స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావే 1908లో ఆంధ్రపత్రికను నెలకొల్పారు; 1928లో స్త్రీల కోసం ‘గృహలక్ష్మి’ని ప్రారంభించిన కె.ఎన్. కేసరి లోధ్ర తయారుచేసిన కేసరి కుటీరం అధిపతి. ఇవి ఔషధాలే గాని ప్రసాధనాలు కావు. అయినా ఇంట్లో నూరుకునే దానిని బయట డబ్బీలో కొనుక్కోవచ్చుననే అలవాటును చదువరుల్లో పెంచడంలో వీటికీ ప్రకటనలకూ పాత్ర ఉన్నది. పత్రికా సాహిత్యాన్ని పరిశోధించేవారు కథల పేజీలతో పాటు ప్రకటనల పేజీలనూ చదవడం ఇందుకు అవసరం.

పల్లె వరకు చేరిన పెద్ద మార్పు మాత్రం 1980ల నాటిది. తమిళనాడులోని కడలూరుకు చెందిన చిన్ని కృష్ణన్ ద్రవపదార్థాలను చిన్న పొట్లాలుగా అమ్మే ఆలోచనకు ఆద్యుడుగా పేరొందారు. ఆయన కుమారుడు సి.కె. రంగనాథన్ 1983లో చిక్ షాంపూతో దాన్ని దక్షిణాది గ్రామాల్లోకి తీసుకువెళ్లారు. సీసా కొనలేని కూలి మహిళ ఒక్క పూటకు సరిపడా కొనగలిగింది. పొద్దున్నే పనికి పోయే మనిషికి కుంకుళ్లు కొట్టి, నీళ్లు కాచే పని తప్పింది. ఇది చిన్న విషయం కాదు. సాషేను పర్యావరణ దోషంగా మాత్రమే చూసే రచనలు ఈ ఊరటను లెక్కలోకి తీసుకోవు.

ఆ ఊరటకు చెల్లించిన మూల్యమూ చిన్నది కాదు. ప్లాస్టిక్, అల్యూమినియం పొరలను అతికించి చేసే సాషేను తిరిగి విడదీయడం కష్టం; బరువు లేనందున చెత్త ఏరేవారికి దానిని ఏరితే కూలి గిట్టదు. ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు 2016లో, పునర్వినియోగానికి పనికిరాని బహుళపొరల ప్లాస్టిక్‌ను రెండేళ్లలో తొలగించాలని నిర్దేశించాయి. 2018 సవరణ ఆ నిర్వచనంలోకి ‘ఇంధనశక్తి పొందడానికి వీలుకానిది’, ‘ప్రత్యామ్నాయ ఉపయోగం లేనిది’ అన్న అర్థమిచ్చే పదాలను చేర్చింది. మండించి వేడి పొందగలిగినా చాలు, నిషేధం వర్తించదన్నమాట. ఒక వాక్యంలో చేర్చిన కొన్ని పదాలు ఎంత చెత్తకు దారి విడిచాయో చెప్పడానికి భాషాశాస్త్రం చదివినవారికి ప్రత్యేక వివరణ అక్కరలేదు. 2022 జూలై 1 నుంచి అమలైన ఒకసారి వాడే ప్లాస్టిక్ వస్తువుల నిషేధంలో చెవులు శుభ్రంచేసే ప్లాస్టిక్ పుల్లలు ఉన్నాయి, షాంపూ సాషే లేదు.

మళ్లింపులోని చిక్కులు

ఇప్పటి ‘సహజ’ ఉత్పత్తుల్లోనూ రాజాస్థానపు ధోరణి, పెరటి ధోరణి కలగాపులగంగా కనిపిస్తాయి. ముఖానికి మెరుపునిచ్చే పొడుల్లో వాడే అభ్రకాన్ని తెలుగువారు కాకిబంగారం అన్నారు. నెల్లూరు సీమలోని గూడూరు ప్రాంతం ఒకప్పుడు దాని గనులకు ప్రసిద్ధి. నేడు ఝార్ఖండ్ అభ్రకపు క్షేత్రాల్లో బాలకార్మికుల శ్రమ వెలుగులోకి వచ్చిన తరువాత, ప్రకృతిసిద్ధమైన అభ్రకం కన్నా ప్రయోగశాలలో తయారైన అభ్రకమే నైతికంగా మెరుగన్న వాదం బలపడింది. శాకతైలపు సబ్బుకు ప్రధానాధారమైన పామాయిల్ కోసం ఆగ్నేయాసియాలో అడవులు నరికారు. దేశంలో ఆ పంటకు ముఖ్యస్థానాలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే, పరిశోధన సంస్థ ఉన్నది పెదవేగిలో. నీరు ఎక్కువ తాగే ఆ పంటను స్థానికమైనదన్న ఒక్క కారణంతో సుస్థిరమని చెప్పలేము.

కుంకుడు, సీకాయల విషయానికి వస్తే, విశాఖపట్నం కేంద్రంగా 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వాటిని అడవిబిడ్డల నుంచి చిన్నతరహా అటవీ ఫలసాయంగా సేకరిస్తున్నది. పట్టణంలో కుంకుడు వాడకం పెరిగితే దాని ఫలితం మన్యంలో ఏరే మనిషికి ఎంత ధర దక్కుతుంది, చెట్టు కొమ్మను విరవకుండా కాయ కోసే ఓపిక ఆ ధరకు గిట్టుతుందా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. పెరట్లో ఈ ప్రశ్న తలెత్తలేదు. కోసినవారు, కొట్టినవారు, వాడినవారు ఒకే ఇంటివారు. విపణిలో ఆ ముగ్గురూ ఒకరికొకరు తెలియనివారు. సీకాయ పొడి కూడా అంగడి దండలకు అదే బహుళపొరల సాషేలో వేలాడుతున్నది. దాని మీద ఆకుపచ్చని ఆకు బొమ్మ ఉంటుంది.