మేకలు ఎప్పుడు కదలాలి?

1980లో జపాన్ కంపెనీ నామ్కో తెచ్చిన ప్యాక్‌మ్యాన్ ఆటలో, వెంటాడుతున్న దయ్యాలు ఉన్నట్టుండి వెనక్కి తిరుగుతాయి. అది పొరపాటు కాదు. మొదటి లెవెల్‌లో అవి 7 సెకన్లు తలో మూలకు చెదిరిపోతాయి, 20 సెకన్లు వెంటపడతాయి. మళ్లీ 7, 20, ఆ తర్వాత 5, 20, 5, ఇక ఆపైన వెంటాడడమే. చెదరడం నుంచి వెంటాడడానికో, అటు నుంచి ఇటో మారిన క్షణాన వెనుదిరుగుతాయి. ప్యాక్‌మ్యాన్ పెద్ద చుక్క మింగితే నీలంగా మారి బెదురుతాయి. దొరికిపోతే ఉత్త కళ్లు మాత్రం గూటికి పరుగెడతాయి. తోరు ఇవతాని బృందం చేసిన గొప్ప పని ఇదే: ప్రోగ్రామ్ లోపలి స్థితి ఆడేవాడి కళ్లకు కడుతుంది. ఇలా స్థితుల మధ్య మారుతూ నడిచే పద్ధతినే స్టేట్ మెషీన్ అంటారు. ఒక వేళకు ఒకే స్థితి. అందులో ఏం చేయొచ్చు, ఏం జరిగితే ఎటు మారాలి అన్నది ముందే ఖాయం. సర్క్యూట్ల కోసం పరిశోధకులు మీలీ 1955లో, మూర్ 1956లో దీనికి గణితం కూర్చారు.

ఆ గణితం రాకముందే ఆలోచన మాత్రం అరుగుల మీద ఉంది. పాలమూరు, నల్లగొండ పల్లెలకు తెలిసిన పులి-మేక ఆటలో 3 పులులు, 15 మేకలు. మేకలన్నీ పటం మీదికి దిగేదాకా ఒక్కటీ కదలకూడదు. చేతిలో మేక మిగిలిందంటే దించే దశ, చెయ్యి ఖాళీ అయితే కదిలే దశ. అష్టాచెమ్మాలో అలా కాదు. ఎదుటివాడి కాయను చంపనిదే లోపలి గళ్లలోకి పోనివ్వరు. చంపిందీ లేనిదీ మాత్రం గళ్ల మీద కనబడదు, గుర్తుపెట్టుకోవాల్సిందే. తగవులు అక్కడే పుడతాయి.

మనుషులు నడిపే ఆటకూ యంత్రం నడిపే ఆటకూ పోలికేమిటని అడగొచ్చు. నిజమే, యంత్రంతో తగవు పడలేం. అందుకే అక్కడ దాగిన గుర్తు మరింత ప్రమాదం. హీరో ఎగిరాడు, వంగాడు, కొడుతున్నాడు అంటూ 5 విడి అవును-కాదు గుర్తులు పెడితే 32 కలయికలు. వాటిలో అర్థంలేనివన్నీ బగ్గులకు దారులే. 1994లో నలుగురు రచయితల ‘డిజైన్ ప్యాటర్న్స్’ పుస్తకం ఒక్కో స్థితికి ఒక్కో క్లాస్ ఇమ్మన్నది. చిన్న ఆటకు అది ఎక్కువే, స్థితుల పేర్ల జాబితా చాలు. ఏ పద్ధతైనా స్థితులను ముందే ఖాయం చేయాలి. కానీ అరుగుల మీది ఆటలు తగ్గి, నియమాలను ముందే నోటితో ఖాయం చేసుకునే అలవాటూ తగ్గింది. అది నిజమైన నష్టం.

గేమ్ ప్రోగ్రామింగ్ మొదలుపెట్టేవాళ్లు ముందుగా పులి-మేక రాయండి. మేకల పక్షానికి రెండే స్థితులు: దించడం, కదలడం.