పలనాటి యుద్ధమున బంధుధర్మము

క్రీ. శ. 12వ శతాబ్ది ఉత్తరార్ధమున జరిగిన పలనాటి యుద్ధమును దాయాదుల పోరుగా చెప్పుట పరిపాటి. నలగామరాజు, మలిదేవరాజు ఒకే తండ్రి బిడ్డలు, తల్లులు వేరు. హైహయరాజ్యము గురజాల, మాచెర్లల నడుమ చీలెను. అయినను వీరగాథలను పరిశీలించినచో బంధుధర్మమునకు విపులతరమగు అర్థము గోచరించును.

నలగామునికి అల్లుడగు అలరాజు మలిదేవుని పక్షమున రాయబారమేగి విషప్రయోగమునకు బలియయ్యెను. మామ కొలువున బాంధవ్యము అతనికి రక్ష కాలేదు. మలిదేవుని మంత్రి బ్రహ్మనాయుడో, మాల కన్నమదాసును కుమారునిగా చేపట్టెను. ఆతని తనయుడు బాలచంద్రుడు పలుకులముల చెలికాండ్రను సోదరులుగా నెంచెను. కారెంపూడి రణమునకు ముందు ఆ వీరులెల్లరు ఒకే చాపపై కుడిచిరని గాథ.

రక్తసంబంధము తెగినచోట పొత్తుకూడు నిలిచెను. వంశగౌరవమును పుట్టుకతోగాక విశ్వాసముతో కొలిచిన ఆ వీరులే కారెంపూడి వీరులగుడిలో నేటికిని పూజలందుకొనుచున్నారు.